అష్టగ్రహాల నాటి వరిబువ్వ

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయిపోయి కువైట్‌లో మేముండే ఖైతాన్ వీధుల్లో కార్లు మళ్ళీ కదలడం మొదలయ్యాక మద్దమ్మవ్వ వచ్చేది. ఆమె పనిచేసే ఇంటి డ్రైవరు మా బిల్డింగు కింద దింపి పోయేవాడు. లిఫ్టు ఉన్నా ఎక్కేది కాదు. మూడంతస్తులు మెట్లెక్కి, మా వాకిలి ముందర నల్లటి అబాయా విప్పి, మడిచి చంకలో పెట్టుకుని, చీర కొంగుతో మొహం తుడుచుకుని అప్పుడు తలుపు తట్టేది. అబాయాతో మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు లేదు.

"అది డూటీ గుడ్డ మ్మే. మనింటికి డూటీ గుడ్డతో వస్చారా?" అనేది.

మద్దమ్మవ్వది రాయచోటి వైపు ఒక మెట్ట పల్లె. మాదీ ఆ పక్కే. చుట్టరికం లేదు. మొగుడు పెళ్ళైన మూడేళ్ళకే ఎటో పోయాడు, పిల్లలు లేరు. ముప్పై ఏళ్ళు దాటినాక కువైట్ వచ్చి ఒకే ఇంట్లో పనికి కుదిరింది. యుద్ధం వచ్చినప్పుడు ఎడారి దాటి ఇండియాకు పోయి, మళ్ళీ అదే ఇంటికి తిరిగొచ్చింది. ఆ ఇంటి పిల్లలు నలుగురినీ ఆమే ఎత్తుకు పెంచింది. పాస్‌పోర్టులో ఆమె వయసు పదేళ్ళు తక్కువ. ఏజెంటు తనకు తోచింది రాసేశాడు. అసలు వయసు తెలియడానికి ఆమెకు ఒకటే గుర్తు: అష్టగ్రహ కూటమి అని లోకమంతా హడలిపోయిన ఆదివారం నాటికి ఆమెకు ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. అంటే ఏడేళ్ళు.

మా పాప శివపార్వతికీ ఏడేళ్ళే. పోయిన ఏడాది ఎండలు ముదరకముందే జ్వరంతో పోయింది.

చాలామంది వచ్చారు. ఎవరికి తెలిసిన మాట వాళ్ళు చెప్పారు. మా ఆయన పెంచలయ్య సబ్హాన్‌లో గోడౌన్‌లో బండి తోలతాడు. నాలుగు రోజులు ఇంట్లో ఉండి ఐదో రోజు పనికి పోయాడు. ఆయన పోయాక ఇల్లు ఎంత పెద్దదో నాకు తెలిసింది. ఉన్నవి రెండు గదులే. వంటింటి అరలో ఉప్పు డబ్బా పక్కన పాప చివరిసారి పాలు తాగిన స్టీలు గ్లాసు ఉండేది. అడుగున పాల చార ఎండిపోయి ఉంది. నేను కడగలేదు. ఆయనా జరపలేదు. ఉప్పు తీసుకున్నప్పుడల్లా దానికి చెయ్యి తగలకుండా తీసుకునేదాన్ని.

ఆ మొదటి శుక్రవారం మద్దమ్మవ్వ వచ్చింది. బుట్టలో వంకాయలు కనబడితే కత్తిపీట అడిగి ముందర వేసుకుని కూర్చుంది. నాలుగు కాయలు తరిగాక, నన్ను చూడకుండానే మొదలుపెట్టింది.

"అష్టగ్రహాలనాడు మా ఊర్లో కాకి గూడా అరవల్యా మ్మే."

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అదే రోజు చెప్పేది. ఆమె చెప్పింది చెప్పినట్టు నేను రాయలేను. వినగా వినగా నాకు ఎట్లా కనబడిందో అట్లా రాస్తాను.

ఆ రోజు పొద్దున్నే ఊరంతా చన్నీళ్ళు పోసుకుంది. మంచు ఇంకా పోలేదు. తడి జుట్లతో, పళ్ళు కొరుకుతూ ఆడవాళ్ళు వాకిళ్ళలో ముగ్గులు వేశారు. అంతకు ముందు ఏనాడూ వేయనంత పెద్ద ముగ్గులు. ఎనిమిది గ్రహాలు ఒక్క ఇంట్లో చేరాయట, సాయంత్రానికి భూమి గుండ అయిపోతుందట. పోయేటప్పుడు వాకిలి బోసిగా ఉండకూడదు కదా. రాములవారి గుడి ముందర మగవాళ్ళు చెక్కభజన మొదలుపెట్టారు. రెండు చేతుల్లో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు. చుట్టూ తిరుగుతూ ఒకరు అలిసిపోతే ఇంకొకరు దూరేవాళ్ళు. భజన ఆగితే భూమి ఆగిపోతుందని ఎవరో అన్నారు. ఇంక ఎవరూ ఆపలేదు.

ఊర్లో టీ అంగడి ఒకటి ఉండేది. దానికి బస్సులో పేపరు వచ్చేది. అదీ ఒక రోజు ఆలస్యంగా. ఆ అంగడాయన పెద్ద వెటకారి.

"మనకేం బయం ల్యాదు రా," అన్నాడట. "లోకం పోయిన వార్త మన ఊరికి సోమవారం గదా వచ్చేది. అంతవరకూ టీ తాగండి."

నవ్వినవాళ్ళు నవ్వారు. ఒక ముసలాయన మాత్రం నిజంగానే ఊపిరి పీల్చుకుని, అయితే ఇంకొక రోజుంది అని ఇంటికి పోయి పడుకున్నాడట.

అప్పటికి రెండు రోజుల ముందే తోలుబొమ్మలవాళ్ళు ఊర్లో దిగి ఉన్నారు. ఆరు రాత్రుల రామాయణం ఆడాలని వచ్చారు. ఒక్క రాత్రే ఆడారు. ఆ ఆదివారం పొద్దున బొమ్మలాటాయన గుడి ముందరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యలారా, రేపనేదే ల్యానప్పుడు ఇంగ అయిదు రాత్రిళ్ళు యాడ తెచ్చేది? కత సగంలో ఇడ్సి పోతే మాకు పాపం తగుల్తాది. ఈ పొద్దే రావణున్ని సంపేస్తా, రాండి."

పట్టపగలు తోలుబొమ్మలాట ఎట్లా ఆడతారు? దానికి చీకటి కావాలి. అప్పుడు ఊరివాళ్ళంతా ఇళ్ళల్లో ఉన్న గొంగళ్ళు తెచ్చారు. వేరుశనక్కాయలు పోసుకునే పెద్ద కొట్టం ఒకటి ఉంటే, దానికి సందు కనబడినచోటల్లా గొంగడి వేలాడదీశారు. లోపల చీకటి చేశారు. ఆముదం దీపం పెట్టారు. బయట ఎండ. లోపల రాత్రి. గొర్రె వాసన, ఆముదం వాసన, శనక్కాయల దుమ్ము. తెర మీద ఎర్రవి, పచ్చవి బొమ్మలు. ఎక్కడో ఒక గొంగడికి చిల్లి ఉండి సన్నటి ఎండపుల్ల ఒకటి లోపలికి వచ్చి పిల్లల తలల మీద పడేది.

ఈ మాట దగ్గర నాకు ప్రతిసారీ ఒకటే జరిగేది. ఆ ఎండపుల్ల ఎవరి తల మీద పడిందో చూడబోయేదాన్ని. అక్కడ కూర్చున్నది మద్దమ్మవ్వ అని తెలుసు. అయినా వాళ్ళ నాన్న తెచ్చిన ఆకుపచ్చ లంగా కట్టుకుని, ముందు పళ్ళు లేని నోరు తెరిచి తెరను చూస్తున్నది మా పాపే. ఆ చీకట్లో అందరి మధ్యా బాగానే కూర్చుని ఉండేది. నేను పిలిచేదాన్ని కాదు. పిలిస్తే ఆట చెడుతుంది.

మద్దమ్మవ్వ పక్కన ఆమె పెద్దనాన్న కూతురు రెడ్డెమ్మ ఉండేది. రెండేళ్ళు పెద్దది. రెండిళ్ళ మధ్య గోడ ఒకటే, కానీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఇద్దరి పెరళ్ళ హద్దులో ఒక చింతమాను ఉంది. దాని కాయలు ఎవరివన్నది తగాదా. పిల్లలు మాత్రం పెద్దవాళ్ళు చూడకుండా కలుసుకునేవాళ్ళు. ఆ రోజు చీకటి కదా, చెయ్యి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

రావణుడు చచ్చి అందరూ బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఎండకు కళ్ళు తెరవలేక, లోకం అప్పుడే పోయిందేమోనని మద్దమ్మవ్వ ఏడ్చిందట. ఏడుస్తూనే ఇల్లు చేరి కళ్ళు తెరిస్తే ముందర పెద్దమ్మ. రెడ్డెమ్మ తల్లి. చంకలో కోడి. మాటల్లేని ఇంటి వాకిట్లోకి నేరుగా వచ్చి నిలబడింది.

"ఏమ్మే, నాకాడ కోడుండాది. నీకాడ బియ్యం ఉండాయి. రేపిటికి రెండూ ఉండవు. ఏం చేద్దాం?"

మద్దమ్మవ్వ తల్లి కాసేపు ఆమెను, కాసేపు కోడిని చూసి, "కాళ్ళు కడుక్కోని లోపలికి రాక్కా," అంది.

ఏడాదికి రెండు మూడుసార్లు తప్ప వరిబువ్వ తెలియని ఇల్లది. సంగటి, కొర్రబువ్వ, అంతే. ఉగాదికని దాచిన రెండు శేర్ల బియ్యం మొత్తం వండేశారు. కోడిని కోశారు. అది చాలక విత్తనానికి దాచిన శనక్కాయల కుండలు దించి వేయించారు. ఊరంతా అదే పని. ఏ ఇంట్లో చూసినా పొగ, వేయించిన కాయల వాసన. సందకాడ పంచాయతీ ఆఫీసు మీద రేడియో ఎప్పటిలాగే పలికింది. వార్తల్లో ఏమీ లేదు. ఆ తర్వాత రైతుల కార్యక్రమంలో, విత్తనాలకు పురుగు పట్టకుండా ఎట్లా దాచుకోవాలో ఒకాయన చెప్పాడు. ఊరంతా అరుగుల మీద కూర్చుని ఆ విత్తనాలే ఒలిచి నోట్లో వేసుకుంటూ విన్నారు.

"కడుపు నిండా తిన్న దినం అదొగటే మ్మే మా చిన్నప్పుడు," అనేది మద్దమ్మవ్వ. "నాకు పండ్లు ల్యావు గదా, కోడికండ కొరికేదానికి రాల్యా. ఏడిస్తి. రెడ్డెమ్మక్క తన తినేది ఆపి, ఎముక నుంచి పీసు పీసు పీకి నా తట్టలో యేసింది. పొద్దు గూకేటప్పుడు అందరం పడమరకు మొగం పెట్టి కూసున్న్యాం. ఎర్రగా గుంకింది. అంతే. ఆపొద్దు అట్ట గడిసిపాయ."

అక్కడ ఆపేసేది. ఎప్పుడూ అంతే. తరువాత ఏమైందని నేనూ అడగలేదు.

ఈ కథ ఆమె తన మామాకు కూడా చెప్పేది. మామా అంటే ఆ ఇంటి కువైటీ ముసలామె. ఇద్దరిదీ ఒకే ఈడు. ఇంచుమించు ఆ ఏళ్ళలోనే తమ వీధికి మొదటి టీవీ వచ్చిందని, వీధి పిల్లలంతా వాకిట్లో చాపల మీద కూర్చుని చూసేవాళ్ళని మామా చెప్పేదట. "ఆమెకు టీవీ, నాకు కోడికూర. ఇద్దురికీ పండ్లు ల్యావు," అని మద్దమ్మవ్వ నవ్వేది.

ఈ రంజాన్ నెలలో మామా చనిపోయింది. పిల్లలు మూడు నెలలు ఆగి, మద్దమ్మవ్వను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఖలాస్ మద్దూ, చాలు, ఇంక నీ ఊర్లో హాయిగా ఉండు," అన్నారు. మంచిగానే చెప్పారు. రెండు వారాలు ముందు పెట్టి గురువారానికి టికెట్టు తీశారు.

ఆ శుక్రవారం ఆమె వచ్చి కత్తిపీట ముందర కూర్చుంది కానీ కథ మొదలుపెట్టలేదు. బెండకాయలు తరిగినవే మళ్ళీ తరిగింది.

"ఏమవ్వా, ఇంటికి పోతావుంటే సంతోషం లేదా?"

"యా ఇంటికి మ్మే? ఇల్లు యాడుండాది? మా తమ్ముడు పోయినాక మిద్దె కూలిపాయ. గోడలు గూడా ల్యావు."

"మరి మీ రెడ్డెమ్మక్క ఉంది కదా?"

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. అప్పుడు చెప్పింది. పదకొండేళ్ళ కిందట తమ్ముడి కర్మలకు కట్టెలు కావాలంటే, ఇక్కడి నుంచే ఫోను చేసి ఆ హద్దులో చింతమాను కొట్టించమంది. తగాదా తీరిపోతుంది అనుకుంది. మాను పడ్డాక రెడ్డెమ్మ ఫోను చేసి, "కువైట్‌లో కూసోని మాయమ్మ చెట్టు కొట్టిస్తివా? ఇంగ నాకు నువ్వు ల్యావు," అని పెట్టేసింది. అంతే.

"పెట్టె ఎత్తుకోని ఎవురి వాకిట్లో దించల్ల? మొగం యాడ పెట్టుకోని పోవల్ల? బస్సు దిగినాక ఎటు పక్కకు నడవల్లో గూడా తెలీకుండా పోతాండ మ్మే," అంది. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

కింది అంతస్తులో మున్నీ బీ ఉంటుంది. ఆమె తమ్ముడికి రాయచోటిలో విత్తనాల అంగడి. ఆ పల్లె రైతులు అక్కడికే వస్తారు. మున్నీ బీ తమ్ముడికి ఫోను చేసింది. మూడు రోజుల్లో రెడ్డెమ్మ నంబరు మా చేతికి వచ్చింది. మద్దమ్మవ్వతో చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

ఆఖరి శుక్రవారం ఆమె అబాయా మడిచి లోపలికి రాగానే నంబరు కలిపి స్పీకరు పెట్టి ఆమె ముందర పెట్టాను. అక్కడ కోళ్ళ అరుపులు వినబడ్డాయి.

"ఎవురూ?"

మద్దమ్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనే అన్నాను, "అవ్వా, కువైట్ నుంచి. మద్దమ్మవ్వ మాట్లాడుతుంది."

కాసేపు కోళ్ళే అరిచాయి.

"మాట్లాడతాది అంటివే, మాట్లాడ్ల్యా?"

"అక్కా," అంది మద్దమ్మవ్వ.

"ఎవురికి అక్క? పదకొండేండ్లకు గ్యాపకం వచ్చినానా?"

క్షమించమంటుందేమో, ఊరికి వస్తున్నానని చెబుతుందేమో అని నేను చూస్తున్నాను. ఆమె కొంగు తీసి, ఫోనుకు దగ్గరగా వంగి, అడిగింది:

"అష్టగ్రహాలనాడు పెద్దమ్మ తెచ్చిన కోడి ఎర్రది గదక్కా?"

ఫోను కట్టయిందేమోనని చూశాను. కట్టు కాలేదు.

"ఎర్రది యాడిది? నల్లది. కాళ్ళు గూడా నల్లవే."

"ఎర్రది."

"నల్లది అంటాంటే! మాయమ్మ సాకిన కోడి నాకు తెల్దా? పండ్లు ల్యాని దానివి, నేను పీకి పెడితే తింటివి. నీకేం గ్యాపకం?"

"పండ్లు ల్యాకుంటే కండ్లు గూడా ల్యావా? ఎర్రదే."

వాకిలి దగ్గర నిలబడిన పెంచలయ్య నన్ను చూశాడు. పాప పోయాక ఆయన పెదవి మీద నవ్వు చూడడం అదే మొదటిసారి.

"సరే, కోడి సంగతి ఇడ్సి పెట్టు," అంది రెడ్డెమ్మ. గొంతు తగ్గింది. "ఆపొద్దు ఇత్తనం అంతా తినేస్తిరి. వానొచ్చినాక ఏసేదానికి గింజ ల్యాక మీ నాయన తల పట్టుకోని కూసున్న్యాడు. ఒగ తెల్లార్న మీ వాకిట్లో ఇత్తనం కుండ ఉండ్య. ఎవురు పెట్టినారో తెల్సునా?"

"దేవుడు పెట్టినాడని మాయమ్మ సచ్చేదాకా ఆ తావున దీపం పెడ్తాండ్య."

"దేవుడంట! మాయమ్మ పెట్టింది. లోకం పోతాదని ఊర్లో అందరికంటే పెద్దగా అరిసింది మాయమ్మే, ఒగ కుండ గాదె కింద బూడ్సింది మాయమ్మే. మీ నాయన రోసగాడు, ఇస్తే తీసుకోడని ఎవురూ చూడకుండా పెట్టొచ్చింది. ఎవురికీ చెప్పాకు అని నాతో ఒట్టు ఏయించుకున్న్యాది."

"మరి ఇప్పుడు చెప్తివే?"

"ఇంగెవురుండారే, చెప్పకుండా దాసేదానికి? ఆపొద్దు ఆ తట్టల్లో తిన్నోళ్ళల్లో నువ్వూ నేనే గదా మిగిలింది."

మద్దమ్మవ్వ ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. వేడి గిన్నెను పట్టుకున్నట్టు.

"యాపొద్దు దిగుతావు?" అంది అవతలి గొంతు. మున్నీ బీ తమ్ముడు ఆమెకు ముందే చెప్పినట్టున్నాడు.

"గురువారం. మద్రాసులో."

"నువ్వు కొట్టించిన మాను మొదట్లో మల్లా సిగురేసింది. నీ కంటే అదే నయం, యాడికీ పోలా. బిరీన రా. వాన పడింది. ఇత్తనం కాయలు ఒలిసేదానికి నాకు మనిషి ల్యా," అని, చెప్పాపెట్టకుండా ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం మద్దమ్మవ్వ బాగా తిన్నది. రెండోసారి కూడా వేయించుకుంది. తిన్నాక గోడకు ఆనుకుని కూర్చుని, కిటికీ అవతల ఎండకు తెల్లబడిపోయిన బిల్డింగులను చూస్తూ ఉంది. ఏ బిల్డింగునూ చూడలేదు. ఆ కొట్టంలో ఉంది, నాకు తెలుసు. నేనూ అక్కడికి పోయి కూర్చున్నాను. గొంగడి చిల్లిలో నుంచి ఎండపుల్ల దిగింది. పాప తల తిప్పి నన్ను చూసి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

"అవ్వా," అన్నాను. "మరుసటి రోజు ఏం చేసినారు? తెల్లారినాక?"

"ఏం చేస్తాం మ్మే? బోకులు తోమినాం."

"అంతేనా?"

"రెండిండ్ల బోకులు, కుండలు, తట్టలు, అన్నీ అంట్లే. పోయే లోకానికి అంట్లు తోమేది యాటికని ఆపొద్దు ఎవురూ తోమల్యా. తెల్లారి చూస్తే సూర్యుడు వచ్చినాడు, అంట్లు అట్టే ఉండాయి. మాయమ్మ, మా పెద్దమ్మ ఒగరి మొగం ఒగరు చూసుకోల్యాక తల వంచుకోని సందకాడి దాకా తోమినారు. బూడిద అయిపోతే మట్టి తెచ్చినారు."

ఆ మాట అంటూనే లేచింది. కంచాలు ఎత్తి వంటింట్లోకి పోయింది. వద్దవ్వా నేను చేస్తాను అన్నాను కానీ లేవలేదు. నీళ్ళు పడుతున్న చప్పుడు. గిన్నెల చప్పుడు. నేను వంటింటి గడప దగ్గరికి పోయేసరికి ఆమె అరలో చెయ్యి పెట్టి ఉప్పు డబ్బా పక్కనున్న గ్లాసు తీసింది. అంట్లలో ఒకటి అనుకుందో, అనుకోలేదో. ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె దాన్ని నానబెట్టింది. వేళ్ళు లోపలికి పెట్టి అడుగున ఎండిన చారను నిదానంగా, చాలాసేపు రుద్దింది. రెండుసార్లు నీళ్ళతో కడిగింది. కొంగుతో తుడిచి మిగతా గ్లాసుల పక్కన బోర్లించింది.

గురువారం ఆమె వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకు మేము పోలేదు. ఆమె పెంచిన పిల్లలే నలుగురూ పోయారట.

ఆ పై వారం శుక్రవారం నమాజు అయింది. కార్లు కదిలాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం కాసేపు చూసి, లేచి వంకాయలు తరుక్కున్నాను. అప్పుడు ఫోనులో ఒక వాయిస్ మెసేజి వచ్చింది. రెడ్డెమ్మ నంబరు. మాటలు మాకోసం కాదు. మనవడు ఎవడో నొక్కేసి పక్కన పెట్టినట్టున్నాడు. కాయలు చిట్లుతున్న చప్పుడు, చేటలో గింజలు రాలుతున్న చప్పుడు. మధ్యలో ఇద్దరు ముసలివాళ్ళు.

"ఎర్రది."

"నల్లది అంటాంటే."

పెంచలయ్య దాన్ని రెండుసార్లు విన్నాడు. నేను నీళ్ళు ముంచి ఇచ్చాను, ఆ గ్లాసులోనే. ఆయన గ్లాసును ఒక్క క్షణం చూసి తాగాడు.

"కోడి ఏ రంగుదై ఉంటుందంటావు?" అన్నాడు.

"నాకు ఎప్పుడూ ఎర్రదే కనబడింది," అన్నాను.

దాని వెనక పరిగెత్తే పాప లంగా ఏ రంగుదో చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఆయనకూ ఆకుపచ్చే కనబడి ఉంటుంది.